ఖాళీ ఉయ్యాలకు జోల పాడరు

నాకు గేలిక్ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ భాషలోని పాటలు ఓ లావుపాటి పుస్తకం నిండా నా చేత్తో రాశాను. జీతం ఇచ్చింది అందుకే మరి. యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, లత పేటకు దగ్గర్లో ఓ పాత గ్రంథాలయం ఉండేది. అందులో నాది నకలు రాసే ఉద్యోగం. చెదలు తిన్నవీ, సిరా తినేసి కాగితం చిల్లులు పడ్డవీ, ఇంకో వానాకాలం దాటవనిపించే రాతప్రతులను ఎదురుగా పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా కొత్త కాగితం మీదికి ఎక్కించాలి. "ఓస్, ఇంతేనా?" అనకండి. మీకు రాని భాషలో ఒక్క పేజీ రాసి చూడండి, తిప్పలేమిటో తెలుస్తాయి.

జెరాక్సు లేదా అని అడుగుతారు మీరు. దేశం తలుపులన్నీ మూసుక్కూర్చున్న కాలం అది. బయటినుంచి పుస్తకం రాదు, పత్రిక రాదు. విశాఖపట్నం నుంచి మా పిన్ని వేసిన ఉత్తరం నా చేతికొచ్చేసరికి, అందులో పెళ్లి కుదిరిందన్న పిల్లకు బిడ్డ కూడా పుట్టేసేది. ఆఫీసు బీరువాలో గుడ్డ కప్పి ఓ టేపు రికార్డరు ఉండేది. దానికి క్యాసెట్లూ లేవు, బ్యాటరీలూ లేవు. మాకున్నదల్లా చేతులు, సిరా, ఒకవైపు వాడేసిన ఆఫీసు కాగితాలు. అవైనా ఉన్నందుకు సంతోషించేవాళ్లం.

మా గ్రంథాలయానికి పెద్ద ఒక ఆంగ్లో బర్మన్ ఆవిడ. అందరం పెద్ద సయామ అనేవాళ్లం. సయామ అంటే ఇక్కడ పంతులమ్మ అని. చదువు పని చేసే ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తారు, నన్ను కూడా. ఆ గేలిక్ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టింది పెద్ద సయామే. ఇరావతి మీద తిరిగే ఓడల్లో ఇంజన్లు చూసుకోవడానికి స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒకాయన రాసుకున్నదది. తనతో వచ్చినవాళ్లూ, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లూ పాడుకునే పాటలు విని రాసిపెట్టుకున్నాడు. కొన్ని స్కాట్లండ్ వాళ్ల ఇంగ్లీషులో, చాలావరకు గేలిక్‌లో. పాట పక్కన మాత్రం మామూలు ఇంగ్లీషులో నాలుగు మాటలుండేవి. ఎవరు పాడారు, ఎక్కడ పాడారు, ఏం పని చేస్తూ పాడారు అని.

ఓ చోట ఇలా ఉంది. "తడిసిన ఉన్నిబట్టను బల్ల మీద బాదుతూ ఆడవాళ్లు పాడే పాట ఇది. చేతిలో బట్ట లేకుండా పాడమంటే ఈవిడకు ఒక్క మాటా గుర్తు రాలేదు. చివరికి నా కంబళే తడిపి ఇచ్చాను." అది చదివి పకపకా నవ్వేశాను. పక్క గదిలోంచి పెద్ద సయామ వచ్చి, విషయమేమిటో విని, తానూ నవ్వింది. ఆ తర్వాత బర్మీస్‌లో తాపీగా అడిగింది.

"వీళ్ల పాటలు రాయడానికి కంబళి తడుపుకున్న మనిషి ఒకడున్నాడు. మీ తెలుగువాళ్ల పాటలు ఎవరు రాస్తున్నారు?"

ఎవరూ రాయడం లేదన్నాను. "నీకు చేతులు లేవా?" అంది. నాకు కోపం వచ్చింది. అసలే ఓపిక తక్కువ మనిషిని. పని మధ్యలో పని పెడుతుందేమిటని ఆ రోజంతా ముఖం గంటు పెట్టుకు కూర్చున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు నేనే వెళ్లి అడిగితే, వారంలో కొన్ని మధ్యాహ్నాలు ఆఫీసు పనిమీదే తిరగమని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. ఆ సంతకం పెట్టిన చేతికి ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను.

మొదట దొరికినాయన లత పేట గోదాముల దగ్గర బియ్యం మూటలు మోసి మానేసిన తాత. మూటల పాటలు బోలెడు వచ్చంటారు. కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చి పాడమంటే, నోరు తెరిచి మూసి, "బుజం కాళీగా ఉంటే నోట్లో ఏటీ రాదమ్మా" అన్నాడు. అప్పుడు నాకు ఆ కంబళి గుర్తొచ్చింది. సగం మూట ఎత్తించి భుజాన పెట్టించాను. పాట ధారగా వచ్చేసింది. వాళ్లావిడ మాత్రం చీపురు తీసుకుని నా వెంట పడింది.

జోలపాటల మాటెత్తితే అందరూ ఒకే ఇల్లు చూపించేవాళ్లు. చిమిండైంగ్ బజారు మొగలో పప్పువడలు వేసి అమ్మే మామ్మ ఇల్లు. ఆవిడ వాళ్లమ్మ ఓడ దిగినప్పటినుంచీ పాడుతూ వచ్చిన జోల ఒకటుంది, ఓడ జోల అంటారు, మొదట్నుంచి చివరిదాకా వచ్చింది ఆవిడ ఒక్కర్తికే అన్నారు. వెళ్లాను. మామ్మ వడల పిండి కలుపుతోంది. వెదురు గోడకు ఆనుకుని ఆవిడ మనవరాలు కూర్చుని ఉంది, నాలుగైదు నెలల కడుపుతో. తల్లి చిన్నప్పుడే పోతే మామ్మే పెంచిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. వీధి బర్మా, బడి బర్మా, ఆఖరికి మొగుడూ బర్మా. ఆ అబ్బాయి రేవులో పనిచేస్తాడు. బర్మావాడని మామ్మ అతన్ని పేరు పెట్టి పిలవదు, తన చెవిన బర్మా మాట పడితే ఊరుకోదు.

"మామ్మా, ఓడ జోల పాడతావా? రాసుకుంటాను" అన్నాను.

"ఏటి, ఇప్పుడా? ఉయ్యాల్లో ఎవులున్నారని?"

"ఎవరూ లేకపోతే ఏం, నేనున్నానుగా."

"నిన్నెత్తి ఉయ్యాల్లో ఎయ్యమంతావేటే? తాళ్లు తెగిపోతాయి."

మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, ఖాళీ ఉయ్యాలకు జోలా పాడకూడదు, ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లుండగా అసలే కూడదు అని తేల్చేసింది. పాడొద్దు, ఊరికే మాటలు చెప్పు చాలు అని బతిమాలాను. జాలిపడి మొదలుపెట్టింది.

"ఓడెక్కినాది అమ్మ ఒంటి సీరతోటి, ఒళ్లోన నిన్నెట్టి ఒడ్డెతుక్కున్నాది..."

అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత తడుముకున్నా రాలేదు. పిండి అంటిన కుడిచెయ్యి మాత్రం గాల్లో ఉయ్యాల తాడు కోసం ఊగుతూనే ఉంది. "సంటిది వచ్చినాక రా" అంది చివరికి.

అంతవరకూ ఆగవచ్చు కదా అంటారు. ఆగవచ్చు, కానీ మామ్మ గొంతులో గడ్డ లేచింది. నేను వెళ్లినప్పుడల్లా మాట ఇంకాస్త సన్నబడుతోంది. కోసి తీస్తే మాట పోతుందని, తీయకపోయినా పోతుందని డాక్టరు చెప్పాడట. ఓ రోజు మనవరాలు నీళ్లకు వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుంది మామ్మ.

"నా బాద సావు గురించి కాదే తల్లీ. మా అమ్మకాడ్నించి వత్తన్న పాట. దీనికి రాదు, దీని బిడ్డకి ఎలాగొత్తాది? నాతోటే ఆగిపోద్ది. నువ్వైనా రాసుకో."

రాసుకోమంటుంది, పాడదు. గొంతు ముందు పోతుందా, కాన్పు ముందవుతుందా అని నాకు దిగులు పట్టుకుంది. ఆఫీసులో చెప్పి ఏడ్చాను కూడా. అప్పుడు మా గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. బర్మా ఆయన, వయసులో నాకంటే పెద్ద, అందరం కోజీ అని పిలిచేవాళ్లం, అంటే పెద్దన్న అని. చాలా మంచి మనిషి, కానీ ఆయన ఉపాయాలతో జాగ్రత్తగా ఉండాలి. "ఉయ్యాల ఖాళీగా ఉండకూడదు, అంతే కదా? బొమ్మని పెట్టు" అన్నాడు. వాళ్లింట్లోంచి ఓ అట్టబొమ్మ కూడా తెచ్చిచ్చాడు. ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది చూడండి, అడుగున బరువు పెట్టి, ఎన్నిసార్లు పడగొట్టినా లేచి కూర్చునే ఎర్రబొమ్మ. అదే.

నా బుద్ధి ఏ గడ్డి మేసిందో, దాన్ని సంచిలో వేసుకుని వెళ్లాను. మామ్మ వాళ్ల పాత ఉయ్యాల దింపించి కట్టించాను. బొమ్మను పడుకోబెట్టాను. లేచి కూర్చుంది. మళ్లీ పడుకోబెట్టాను. మళ్లీ లేచింది. మామ్మ కళ్లు చిట్లించి కాసేపు చూసింది.

"ఓలమ్మో! దీనికా నాను జోల పాడాల? ఎంత తొంగోబెట్టినా లెగిసి కూకుంతాది. ఇది నీ సుట్టమేటే?"

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే నిజంగా కోపం వచ్చింది ఆవిడకు. పుట్టబోయే బిడ్డ చోటులో బొమ్మను పెట్టిస్తావా అని వడలు తీసే జల్లిగరిటెతో తలుపు చూపించింది. బొమ్మను చంకన పెట్టుకుని బజారంతా చూస్తుండగా బయటికొచ్చాను. మర్నాడు కోజీతో మాట్లాడలేదు. ఆయనే ఓ పొట్లం మొహింగా, అదే చేపల పులుసు పోసిన సేమ్యా, తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కాదనడానికి మనసు రాలేదు, అది తెచ్చింది నాకు ఇష్టమైన అంగడి నుంచి.

ఆ వానాకాలమే సైనిక సర్కారు దిగిపోవాలని ఊరంతా రోడ్డెక్కింది. ఎనభై ఎనిమిదో సంవత్సరం, మీలో కొందరి అమ్మానాన్నలు చెప్పే ఉంటారు. మొదట విద్యార్థులు, తర్వాత రేవువాళ్లు, రైలువాళ్లు, పొంజీలనే బౌద్ధ సన్యాసులు, ఆఫీసులవాళ్లు. గ్రంథాలయం మూతపడింది. పెద్ద సయామ తాళం వేస్తూ, "పాటలు నీ దగ్గరే ఉంచు. ఇక్కడికంటే నీ ఇంట్లోనే క్షేమం" అంది. బస్సులు లేవు. వీధి మొగల్లో వెదురు కంచెలు కట్టి పేటవాళ్లే కాపలా కాసుకునేవారు. మింగళ తౌంగ్‌న్యున్‌లోని మా ఇంట్లో కూర్చుని, కాపలావాళ్లు హెచ్చరికగా రేకులు వాయిస్తున్న చప్పుడు వింటూ, మామ్మ గొంతు ఎలా ఉందోనని తలుచుకునేదాన్ని. ఫోన్లూ లేవు, తెలిసే దారి లేదు.

కబురు తెచ్చింది కోజీయే. చిమిండైంగ్‌లో ఆయన చెల్లెలుంటుంది. వానలో తడుస్తూ నడిచొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "ఆడపిల్ల పుట్టింది. రేపు ఉయ్యాలలో వేస్తారట. నిన్ను రమ్మని మామ్మ చెప్పింది. బొమ్మను తేవద్దంది."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన తమలపాకులు పరుచుకున్నాను. ప్రతి కంచె దగ్గరా ఎక్కడికని అడిగేవారు. అబద్ధం ఆడటం రాక, "జోలపాట రాసుకోవడానికి" అన్నాను. కాపలా కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఈవిడకు కొంచెం తేడాగా ఉంది అన్నట్టు దారి ఇచ్చారు. ఓ అబ్బాయి గొడుగు పట్టి తర్వాతి వీధి దాకా దిగబెట్టాడు కూడా. వాడెవరో, ఎలా ఉన్నాడో, చల్లగా ఉండాలి.

నేను వెళ్లేసరికి ఇల్లు కడిగి ముగ్గు వేసి ఉంది, కానీ ఎవరి ముఖంలోనూ కళ లేదు. మనవరాలి భర్త తెల్లారే రేవువాళ్ల ఊరేగింపులోకి వెళ్లాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నవాడు రాలేదు. ఊళ్లోపలి వైపునుంచి కాల్పులు వినిపించాయని పక్కింటివాళ్లు చెప్పుకుంటున్నారు. ఆ పిల్ల చంటిదాన్ని గుండెకు అదుముకుని గుమ్మం వైపే చూస్తోంది.

"అబ్బాయి వచ్చేదాకా ఆపుదామా మామ్మా?" అన్నాను.

మామ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ గొంతు అప్పటికి గుసగుసంత మిగిలింది. "ఈ పూట దాటితే నాకాడ ఏటీ ఉండదు" అంది.

చంటిదాన్ని ఉయ్యాలలో వేశారు. మామ్మ తాడు అందుకుంది. నేను ఆవిడ భుజానికి భుజం ఆనించి, నోటి దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను. చెయ్యి ఊగగానే పాట వచ్చేసింది. ఓడెక్కడం, సముద్రంలో గాలివాన, సద్ది అయిపోవడం, రేవు దీపాలు కనబడటం, ఎక్కడా తడబడలేదు. నా కలం వెనకబడుతుంటే ఆవిడే ఉయ్యాల నెమ్మదిగా ఊపి నాకోసం ఆగేది. గాలి అందక ఒక్కో వరసకు ఆయాసపడుతోంది.

ఓడ దిగాక పాట తోవ మారింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఇంట్లో బిడ్డను ఉయ్యాలలో వేసిన ప్రతి తల్లీ ఆ పాట చివర తన వరస ఒకటి కలుపుతుందట. ఆ బిడ్డ తండ్రి ఆ పూట ఎక్కడున్నాడో చెప్పే వరస. మామ్మ వాళ్లమ్మ కలిపింది ఇది:

"మిల్లు కూత కూసేను, అయ్య ఎల్లిపోనాడు, మూట దించినాక వత్తాడు, తొంగో."

యుద్ధం రోజుల్లో మామ్మ తన కూతురికి కలిపింది:

"బాంబులు పడ్డాయి, అయ్య అడివి దాటేడు, దీపమెట్టుంచేను, వత్తాడు, తొంగో."

కొట్లన్నీ సర్కారు తీసేసుకుని మనవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయిన కాలంలో, ఆ కూతురు తన బిడ్డకు కలిపింది:

"కొట్టుకి తాళమేసేరు, అయ్య ఓడెక్కినాడు, ఉత్తరం రాసేడు, వత్తాడు, తొంగో."

ఆ బిడ్డే ఇప్పుడు గుమ్మం వైపు చూస్తున్న మనవరాలు. ఆ ఓడెక్కినాయన మళ్లీ రాలేదని పేటలో అందరికీ తెలుసు. రాసుకుంటుంటే కాగితం కనబడలేదు నాకు. కొంగుతో కళ్లు తుడుచుకుని రాశాను.

మామ్మ తాడు మనవరాలి చేతిలో పెట్టింది. "పాడు."

"నాకు రాదు మామ్మా." ఈ ఒక్క మాట మాత్రం ఆ పిల్ల తెలుగులో చక్కగా చెప్పగలదు.

"ఏటొత్తే అదే పాడవే. సంటిదాని అయ్య ఎక్కడున్నాడో దానికి సెప్పు, అంతే."

ఉయ్యాల తాళ్లు కిర్రుమంటున్నాయి. దూరంగా ఎక్కడో జనం కేకలు. ఆ పిల్ల పెదవులు కదిపి, ఆ వరసకే, బర్మీస్‌లో పాడింది. ఊరంతా వీధిలో ఉంది, నాన్నా వీధిలోనే ఉన్నాడు. చివర "ఫేఫే ప్యన్లామే" అని ముగించింది. నాన్న తిరిగొస్తాడు అని.

నా కలం ఆగిపోయింది. తెలుగు పాటల్లో బర్మా మాటలు రాయనా, ముసలామె మనసు ఏమవుతుందో అని ఆవిడ వైపు చూశాను. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో బర్మా మాట వినబడితే గరిటె విసిరిన మనిషి.

"సూస్తావేటే? రాయి. అది దాని వరస" అంది మామ్మ. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "మల్లీ సెప్పవే. ఇంట్లో పెద్దది కూడా పాడితేనే ఆ వరస పాటలో కట్టుబడుద్ది. నాను నేర్సుకోవాల."

పిల్ల చెప్పింది. మామ్మ అంది, "పేపే..." తర్వాతిది రాలేదు. పిల్ల మళ్లీ చెప్పింది. రంగూన్‌లో పెరిగి ముసలిదైన మనిషి, గొంతులో మిగిలిన కాస్త ఊపిరితో, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ ఆ మాటలు నేర్చుకుంది. "పేపే ప్యన్లామే, తొంగో." తాను సరిగ్గా అన్నానా అని మనవరాలి మొహంలోకి చూసింది. పిల్ల ఏడుస్తూ తలూపింది. ఇద్దరూ ఒకే తాడు పట్టుకుని, ఆ వరసే మళ్లీ మళ్లీ పాడారు. నేను బర్మా అక్షరాల్లోనే రాసుకున్నాను. నా ఉద్యోగంలో నేను రాసినవాటిలో దానికంటే గొప్ప వరస లేదు. నన్ను పక్కన కూర్చోనిచ్చినందుకు ఆ ఇద్దరికీ ఎన్ని జన్మలైనా రుణపడే ఉంటాను.

ఆ పాట నడుస్తుండగా గుమ్మంలో వెలుతురు తగ్గినట్టయితే తలెత్తాను. ఆ అబ్బాయి. ఒంటినిండా బురద, ఒక కాలికి చెప్పు లేదు, లుంగీ మోకాలి దగ్గర చిరిగి ఉంది. లోపలికి రాకుండా అక్కడే నిలబడిపోయాడు. తనను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవని ముసలామె తన భాషలో, తన బిడ్డకు, నాన్న తిరిగొస్తాడని పాడుతోంది. ద్వారబంధం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మామ్మ తాడు వదల్లేదు. గొంతు పూర్తిగా పోయింది కాబోలు, పెదవుల కదలిక చూసి నేను అర్థం చేసుకున్న మాటలివి.

"ఏటి బాబూ అలా నిలబడిపోనావు? లోనికి రా. ఈ పాట నీ గురించే."

ఆ అబ్బాయికి తెలుగు రాదు. అయినా కాళ్లు కడుక్కుని వచ్చి ఉయ్యాల పక్కన కూర్చున్నాడు.